‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం’ జీతానికీ వర్తిస్తుందా?

‘ది గుడ్ వైఫ్’ అనే అమెరికన్ టీవీ సీరియల్ మళ్లీ చూస్తున్నాను. 5వ సీజన్‌లో ఒక సీన్ రాగానే మావారు “తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే” అన్నారు. అక్కడ మొదలైంది మా ఇంట్లో గొడవ.

చూడనివాళ్ల కోసం కథ: షికాగోలో ఒక లా ఫర్మ్. 13 ఏళ్లు కోర్టు ముఖం చూడని లాయర్ అలీషియాను ఆ ఫర్మ్ యజమానుల్లో ఒకడైన విల్ గార్డ్‌నర్ పనిలోకి తీసుకుంటాడు. 4వ సీజన్‌లో పార్ట్‌నర్ కూడా అవుతుంది. ఆ తర్వాత అక్కడే పనిచేసే ఇంకో లాయర్ కేరీతో కలిసి సొంత ఫర్మ్ పెట్టుకుని, క్లయింట్లను వెంటబెట్టుకుపోవాలని చాటుగా మంతనాలు. సంగతి తెలిసిన విల్ ఆమె గదికొచ్చి, బల్ల మీదున్నవన్నీ చేత్తో ఒక్క ఊపున కిందికి ఊడ్చేస్తాడు. ఎవరూ దగ్గరికి రానివ్వనప్పుడు తీసుకున్నది నేను కాదా అని అరుస్తాడు. ఈ సామెత ఇక్కడ అతుకుతుందా?

— అతుకుతుందమ్మా. తిన్న + ఇంటి, అత్వసంధి. వాసాలంటే నడిమి దూలం మీంచి రెండు పక్కలకీ వాలే కర్రలు, వాటి మీదే పెంకులు నిలుస్తాయి. మా అమ్మమ్మ పెంకుటింట్లో నులకమంచం మీద వెల్లకిలా పడుకుంటే కనిపించేవి అవే. ఒకసారి పైకి చూస్తూ లెక్కపెడుతుంటే “అన్నం తిని అదేం పనిరా” అని మొట్టికాయ వేసింది. సామెతలో దొంగతనం జరగలేదు చూడండి. లెక్క దగ్గరే తప్పు పట్టేశారు. అలీషియా కూడా అప్పటికి ఏమీ ఎత్తుకుపోలేదు, లెక్క మాత్రం వేసుకుంది.

— నేనొప్పుకోను మాస్టారూ. తిండి ఊరికే పెట్టినవాడి నోట ఈ సామెత బాగుంటుంది. జీతం అలాంటిది కాదు కదా, రాత్రింబవళ్లు చాకిరీ చేసి తీసుకున్నది. పైగా లెక్కలు మొదలుపెట్టింది ఎవరు? 1వ సీజన్‌లో ఒక్క ఉద్యోగానికి అలీషియానీ కేరీనీ పోటీకి పెట్టి, చివరికి కేరీని పంపించేశారు. తర్వాత తిరిగి తీసుకుని, పార్ట్‌నర్‌ని చేస్తామని ఆశపెట్టి, మాట తప్పారు. మనుషుల్ని లెక్కపెట్టిన ఇంటికి సామెత లేదేం?

— ఏరు దాటాక తెప్ప తగలేయడం?

— అది అలీషియాకే తగులుతుంది అన్నా, కేరీకి కాదు. అతన్ని ఏరు దాటించిందెవరు?

— మంచి పాయింట్. ఇంతకీ లాయల్టీకి తెలుగేమిటి? ‘విశ్వాసం’ అంటే నాకు కుక్కే గుర్తొస్తుంది.

— ‘విధేయత’ అంటారు గానీ అందులో తలొంచడం ఎక్కువ. నాకైతే ‘ఉప్పు తిన్న విశ్వాసం’ దగ్గరగా అనిపిస్తుంది, కాకపోతే మళ్లీ తిండి దగ్గరికే వచ్చాం. మొన్న మా ఆఫీసులో ఒకాయన మానేస్తూ తెలుగులో రాజీనామా రాశాడు. మేనేజర్‌ని రెండు పేజీలు కడిగేసి, కింద అలవాటుగా “ఇట్లు, తమ విధేయుడు” అని సంతకం పెట్టాడు.