పెళ్లప్పుడు 58, ఇప్పుడు 74 కిలోలు: మెల్లగా పెరిగిన బరువుకు కూడా షుగర్ వస్తదా?

అడ్తి గుమాస్తా, వరంగల్

నాకు 41 ఏళ్లు. ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. పెళ్లై 16 ఏళ్లయింది. అప్పుడు 58 కిలోలుండేవాణ్ని, ఏడాదికో కిలో చొప్పున పెరిగి ఇప్పుడు 74. ఎప్పుడు పెరిగానో నాకే తెలియలేదు, బెల్టుకు మాత్రం తెలుసు, చివరి రంధ్రం నుంచి మొదటి దాకా వచ్చింది. చేతులు, కాళ్లు ఇప్పటికీ సన్నమే, చూసినవాళ్లెవరూ లావు అనరు. మొన్న మూడు నెలల షుగర్ టెస్ట్ చేయిస్తే 6.1 వచ్చింది, డాక్టర్ షుగర్ అంచున ఉన్నావన్నాడు.

నాకు అర్థం కానిది ఒకటే. మా దోస్తు ఒకడు చిన్నప్పటి నుంచి లావే, ఇప్పుడు 95 కిలోలు, వాడికి షుగర్ లేదు. మా బాపు జీవితమంతా బక్కగానే ఉన్నాడు, ఆయనకు 50 దాటగానే వచ్చింది. మరి బరువుకూ దీనికీ ఏం సంబంధం? ఇప్పుడు తగ్గితే లాభం ఉంటదా, లేక ఇన్నేళ్లు మోసింది మోసినట్టేనా?

వడ్డేపల్లి వాకర్

అన్నా, అన్నం బంద్ చేసి జొన్నరొట్టె తిను, నెలలో దిగుతది. టెన్షన్ పడకు.

ల్యాబ్ అక్క, కరీంనగర్

పైన తమ్ముడు చెప్పినంత తేలిగ్గా దిగదు. జొన్నరొట్టె మంచిదే, కానీ అన్నం మానేశానన్న ధైర్యంతో నాలుగు రొట్టెలు తింటే అదీ పిండిపదార్థమే కదా.

మీరు మార్కెట్ మనిషి కాబట్టి మార్కెట్ లెక్కనే చెప్తాను. సీజన్‌లో మిర్చి బస్తాలు షెడ్డులో పట్టనప్పుడు ఏం చేస్తారు? బయట దారిలో దింపుతారు, ఇక బండ్లు కదలవు. చర్మం కింది కొవ్వు షెడ్డు లాంటిది. కొందరికి షెడ్డు పెద్దది, మీ దోస్తుది అలాంటిదే కావచ్చు. మనలో చాలామందికి చిన్నది, కొద్ది కిలోలకే నిండిపోయి మిగిలిన కొవ్వు కాలేయంలోకి, పేగుల చుట్టూ చేరుతుంది. అక్కడ చేరితే ఇన్సులిన్ మాట ఒళ్లు వినదు, రక్తంలో షుగర్ పెరుగుతుంది. అందుకే మనవాళ్లకు బీఎంఐ, అంటే ఎత్తుకు బరువెంతో చెప్పే లెక్క, 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. మీది పెళ్లప్పుడు 20.6 ఉండేది, ఇప్పుడు 26. అంటే మీరు సన్నగా ఏమీ లేరు, సన్నటి చేతులున్న లావు మనిషి మీరు, ఏమీ అనుకోవద్దు.

మెల్లగా పెరిగితే ఏం కాదనుకోవడం కూడా తప్పే. అమెరికాలో లక్షకు పైగా నర్సులను 14 ఏళ్లు గమనించారు, 1995లో ఆ లెక్కలు వచ్చాయి. 18 ఏళ్లప్పటి బరువు మీద 5 నుంచి 8 కిలోల లోపు పెరిగినవాళ్లకే, బరువు మారనివాళ్లతో పోలిస్తే షుగర్ వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు. 5 కిలోల పైన తగ్గినవాళ్లకు సగానికి పడిపోయింది. వాళ్లు వేరే దేశం ఆడవాళ్లు, ఆ అంకెలే మనకు అచ్చంగా అతకవు. కానీ ఈ రోజు కాంటా ఎంత చూపిస్తుందన్నదే కాదు, ఎక్కడి నుంచి ఎంత ఎక్కామన్నది కూడా లెక్కే.

బాపు సంగతి వేరు. వయసు, వంశం, కడుపులో ఉన్నప్పుడు తల్లి తిండి, ఇవన్నీ ఉంటాయి. బక్కగా ఉన్నా లోపల కొవ్వు ఉండొచ్చు.

రిటైర్డ్ సారు, హన్మకొండ

తగ్గితే లాభం ఉందా అన్నారు, ఉంది. 2002లో అమెరికాలో మీలా అంచున ఉన్నవాళ్ల మీద చేసిన పరీక్షలో, బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెడితే మూడేళ్లలో షుగర్‌గా మారడం 58 శాతం తగ్గింది. మీకు 7 శాతం అంటే 5 కిలోల చిల్లర, 16 కిలోలూ దించాల్సిన పని లేదు. 2006లో మన చెన్నై వాళ్లు చేసిన దాంట్లో బరువు పెద్దగా తగ్గకపోయినా తిండి, నడక మార్చుకున్నవాళ్లలో 28.5 శాతం తగ్గింది. కాబట్టి కాంటా కదలడం లేదని నడక మానకండి. నేను వారం రోజులు నడిచి ముల్లు కదల్లేదని అలిగి రెండేళ్లు పోగొట్టుకున్నవాణ్ని, ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నా.

నడుము కొలిచారా? పాంటు సైజు కాదు, పాంటు మనం పొట్ట కిందకి కట్టుకుంటాం. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య టేపు పెట్టి, ఊపిరి వదిలాక చూడాలి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు.

వడ్డేపల్లి వాకర్

సారూ, మా బాబుకు 8 ఏళ్లు, బొద్దుగా ఉంటడు. ఎదిగితే అదే సరైతదని మా అమ్మ అంటది, నిజమేనా?

ల్యాబ్ అక్క, కరీంనగర్

అదే సరి కాదు, కానీ టైముంది. డెన్మార్క్‌లో 62 వేల మందికి పైగా మగవాళ్ల చిన్ననాటి బరువులు తీసి చూస్తే, 7 ఏళ్లకు లావుగా ఉండి 13 లోపు తగ్గి మళ్లీ పెరగనివాళ్లకు, ఎప్పుడూ లావు కానివాళ్లకు ఉన్నంత ప్రమాదమే ఉంది. పిల్లాణ్ని పస్తులుంచొద్దు, కూల్‌డ్రింక్, బేకరీ తగ్గించి ఆటకు పంపండి.

ఇంకో మాట గుమాస్తా అన్నా. ఏమీ చేయకుండానే బరువు దిగితే, దాహం, రాత్రిళ్లు మాటిమాటికి ఒంటేలుకు లేవడం ఉంటే సంబరపడొద్దు, వెంటనే రక్తం చూపించండి. షుగర్ ముదిరినా బరువు తగ్గుతుంది. అన్నట్టు మీ దోస్తు టెస్ట్ ఎప్పుడు చేయించుకున్నాడు?

అడ్తి గుమాస్తా, వరంగల్

మా ఆవిడ కుట్టుమిషన్ సొరుగులోంచి టేపు తీసి కొలిచాను సారూ, 97 సెంటీమీటర్లు. నేను వేసేది 34 పాంటు. రెండోసారి మా ఆవిడే కొలిచింది, అప్పుడు 98 వచ్చింది.

అక్కా, దోస్తుకు ఇప్పుడే ఫోన్ చేశాను. వాడు ఇప్పటిదాకా ఒక్కసారి కూడా టెస్ట్ చేయించుకోలేదంట, లేని షుగర్‌కు టెస్టెందుకురా అంటున్నాడు. ఆదివారం మార్కెట్ బంద్, పొద్దున పరగడుపున ఇద్దరం పోతున్నాం.