కరివేపాకు మాడిపోతోంది, ఏం చెయ్యను?

విశాఖలోనే గోపాలపట్నం నుంచి లాసన్స్ బే కాలనీకి మారి రెండు నెలలైంది. నాలుగో అంతస్తు, ఎదురుగా సముద్రం. మా అత్తగారు పెంచిన కరివేపాకు మొక్కని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఇప్పుడు ఆకుల అంచులు కాల్చినట్టు అయిపోయాయి. నీళ్ళు పోస్తూనే ఉన్నా. పక్కనే కూర్చుని బాబుకి స్వెటర్ అల్లుతున్నా, డిసెంబర్లో లంబసింగి వెళ్తాం. ఈ చెమ్మకి ఉన్ని సూదుల మీద జరగడం లేదు. మా ఆయనేమో "రెండూ మానెయ్" అంటారు!

పెదవాల్తేరు అక్క: అది ఉప్పుగాలి పనండీ. ఆకుల్ని మంచినీళ్ళతో కడగండి, కుండీని గోడచాటుకి జరపండి. గాలి తగిలే వైపు కాగితంపూలు, బిళ్ళగన్నేరు పెట్టండి, తట్టుకుంటాయి. 2014 హుద్‌హుద్‌ తుఫానుకి మా వీధిలో పెద్ద చెట్లే కూలాయి, బిళ్ళగన్నేరు మాత్రం మళ్ళీ మొలిచింది.

మురళీనగర్ నుంచి: సూదులు ప్లాస్టిక్‌వా? స్టీలువి తీసుకోండి. చేతులకి కాస్త పౌడర్ రాసుకుంటే చెమట అంటదు.

అడిగినావిడ: కడుగుతున్నానక్కా, రెండు చిగుళ్ళొచ్చాయి! స్వెటర్‌కి ఒక చెయ్యి మిగిలింది. ఆయన తనకీ ఒకటి కావాలంటున్నారు.