బయాప్సీ రిపోర్టులోని సీడీ8, సీడీ163 గుర్తులకు ఎంత బరువు ఇవ్వాలి?

చెన్నై పెరంబూరులో ఉంటున్న మా బావగారికి గత నెల మెదడు ఆపరేషన్ జరిగి, బయాప్సీలో గ్లియోబ్లాస్టోమా (వేగంగా పెరిగే మెదడు క్యాన్సర్), ఐడీహెచ్ వైల్డ్‌టైప్ (ఐడీహెచ్ జన్యువులో మార్పు లేని రకం), గ్రేడ్ 4 అని తేలింది. రిపోర్టు రెండో పేజీ అడుగున చిన్న అక్షరాలలో "సీడీ8 కణాలు అక్కడక్కడ, సీడీ163 కణాలు విస్తారంగా" అన్న అర్థంలో ఒక వాక్యం ఉంది. అడిగితే, దానివల్ల చికిత్స మారదని మాత్రమే డాక్టరుగారు చెప్పారు (ఓపీ బయటి క్యూ చూశాక ఆయనను తప్పుపట్టలేను).

సీడీ8 కణితి కణాలను చంపగల టీ కణాల గుర్తు అనీ, సీడీ163 రోగనిరోధక ప్రతిస్పందనను అణచే తరహా మాక్రోఫేజ్‌ల (ఒక రకం రోగనిరోధక కణాల) గుర్తు అనీ, ఈ రెండోది ఎక్కువైతే ఫలితం అంత బాగుండదని పలు అధ్యయనాలు సూచిస్తున్నాయనీ చదివాను. అయితే ఆపరేషన్‌కు ముందు వారం రోజులు ఆయన డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వాడారు. స్టెరాయిడ్ లింఫోసైట్లను (టీ కణాలూ వీటిలోవే) తగ్గిస్తుంది కనుక సీడీ8 తక్కువగా కనిపించడానికి అదే కారణం కావచ్చునా? కణితిలో ఎంజీఎంటీ మిథైలేషన్ (డీఎన్ఏను బాగుచేసే ఎంజీఎంటీ జన్యువు అణగి ఉండటం) ఉన్నందున టెమోజోలమైడ్ అనే కీమో మందు మెరుగ్గా పనిచేయవచ్చన్నది మాకున్న ఊరట. ఈ ఒక్క వాక్యం ఆ ఊరటను తగ్గించేస్తుందా, లేక ఒక్కొక్క రోగి విషయంలో దానికి అంత విలువ లేదా? న్యూరోపాథాలజీ తెలిసినవారు దయచేసి వివరించగలరు. అక్కకు చెప్పవలసింది నేనే.