నాలుగేళ్ల అమ్మాయికి ఏం బొమ్మ కొనాలి? పింక్ సెట్లు తప్ప ఏదైనా చెప్పండి

చిన్నబాబాయ్:

అందరికీ నమస్తే. మా అన్నయ్య కూతురికి వచ్చే నెల నాలుగేళ్లు నిండుతాయి. బాబాయ్ ఏం తెస్తాడా అని అది ఇప్పటినుంచే ఎదురుచూస్తోంది, నాకేమో ఏం కొనాలో తేలట్లేదు. ఆన్‌లైన్‌లో నాలుగేళ్ల అమ్మాయికి బొమ్మలు అని వెతికితే మొదటి పేజీ అంతా పింకే, మేకప్ కిట్టు, కిచెన్ సెట్టు, కిరీటం పెట్టుకున్న బొమ్మ, మళ్లీ ఇంకో మేకప్ కిట్టు. అమ్మాయి తీసేసి అబ్బాయి అని కొట్టి చూశా, అప్పుడేమో కన్‌స్ట్రక్షన్ సెట్లు, టెలిస్కోపు, రిమోట్ కార్లు, డైనోసార్లు వచ్చాయి. వయసు మాత్రం అదే నాలుగేళ్లు. చూడగానే మనసుకి అదోలా అనిపించింది.

పాప ఎలాంటిదంటే, ఏది చేతికిచ్చినా ముందు తిరగేసి అడుగున ఏముందో చూస్తుంది. మూత ఉంటే తీయాలి, మర ఉంటే తిప్పాలి. మొన్న టార్చిలైటు ఇస్తే సెల్లులు బయటికి తీసి మళ్లీ పెట్టింది, వెలగలేదు, ఒక సెల్లు తలకిందులు చేసి పెట్టింది, అప్పుడూ వెలగలేదు, రెండోది కూడా తిప్పింది, వెలిగింది. ఎవరూ చెప్పలేదు దానికి. అలాగని బొమ్మలంటే ఇష్టం లేదని కాదు, ఒక గుడ్డబొమ్మ ఉంది, అది పక్కన లేకపోతే నిద్రపోదు, ఆ బొమ్మకి రోజూ జ్వరం వస్తుంది, దీనిదే వైద్యం.

ఇంట్లో ఏడాదిన్నర తమ్ముడు ఉన్నాడు, వాడికి ఏది దొరికినా నోట్లోకే. వదినేమో "ఇంక బొమ్మలు సర్దడం నా వల్ల కాదు, తెస్తే పనికొచ్చేది ఒక్కటి తీసుకురా" అని ముందే చెప్పేసింది. వారం తిరక్కుండా మూలపడేది వద్దు, కొన్నేళ్లు ఆడుకోవాలి. ఆడపిల్లలున్నవాళ్లు, పిల్లలతో పనిచేసేవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.

ఇద్దరమ్మాయిల_అమ్మ:

బ్లాక్స్ కొనండి బ్రదర్, ఇంకో ఆలోచన పెట్టుకోకండి. తమ్ముడు ఉన్నాడు కాబట్టి చిన్న లెగో వద్దు, డూప్లో తీసుకోండి. డూప్లో ముక్క మామూలు లెగో ముక్కకి పొడవు, వెడల్పు, ఎత్తు అన్నిట్లో రెండింతలు ఉంటుంది, ఏడాదిన్నర నుంచే ఆడుకోవచ్చని చాలా పెట్టెల మీద రాసి ఉంటుంది, అంటే ఇద్దరూ కలిసి ఆడుకోవచ్చు. నాలుగేళ్ల పిల్లకి మరీ చిన్నపిల్లల ఆట కాదా అంటారేమో, కాదు, మా పెద్దది ఆరేళ్లొచ్చాక కూడా వదల్లేదు. పైగా తర్వాత చిన్న లెగో కొన్నా ఇవి వృథా కావు, చిన్న ముక్కలు డూప్లో మీద కూర్చుంటాయి, అలా కుదిరేటట్టే చేశారు. లెగో కంపెనీ 1958లో చేసిన ముక్క ఇప్పటి ముక్కకి కూడా అతుక్కుంటుంది, కొన్నేళ్లు ఆడుకోవాలన్నారు కదా అందుకే చెప్తున్నా.

ఒక్క విషయం మాత్రం చూసుకోండి, కోట సెట్టు, బ్యూటీ పార్లర్ సెట్టు అని థీమ్‌తో వచ్చేవి కాకుండా మామూలు ముక్కలు ఎక్కువున్న పెద్ద పెట్టె తీసుకోండి. థీమ్ సెట్టు పెట్టె మీది బొమ్మలో చూపించినట్టు ఒకసారి కట్టేస్తారు, పెద్దవాళ్లు బాగుందని అలమారలో పెట్టేస్తారు, పాడవుతుందని ఎవర్నీ ముట్టుకోనివ్వరు, అక్కడితో ఆట అయిపోయినట్టే. చక్రాలున్న ముక్కలు, కింద వేసే పలక ఉన్నాయో లేదో చూడండి. మా చిన్నది ఒకసారి బొమ్మ ఎక్కడానికి మెట్లు కట్టింది, నాలుగో మెట్టు పెట్టగానే ముందుకి పడిపోయింది, మళ్లీ కట్టింది మళ్లీ పడింది, కాసేపు దాన్నే చూస్తూ కూర్చుని తర్వాత పై మెట్ల కింద ఖాళీ అంతా ముక్కలతో నింపేసింది. నిలబడింది. నేను పక్కనే ఉండి నోరు తెరవకుండా ఆపుకోవడమే కష్టమైంది, చెప్పేస్తే ఆ సంతోషం దానిది కాకుండా పోతుంది కదా.

నర్సరీటీచర్:

బ్లాక్స్ సరే, దాంతోపాటు జిగ్సా పజిల్ ఒకటి నేను గట్టిగా చెప్తాను. ఎందుకంటే ఆడపిల్లల విషయంలో మనం తెలియకుండా తక్కువ చేసేది ఇక్కడే. షికాగో యూనివర్సిటీ వాళ్లు రెండు నుంచి నాలుగేళ్ల మధ్య పిల్లలు ఇంట్లో అమ్మానాన్నలతో ఎలా ఆడుకుంటున్నారో కొన్నిసార్లు వెళ్లి రికార్డు చేశారు, 2012లో పేపరు వచ్చింది. పజిల్స్ ఆడిన పిల్లలు నాలుగున్నరేళ్లకి ఒక ఆకారాన్ని మనసులోనే తిప్పి చూసి అమర్చే పనుల్లో మెరుగ్గా ఉన్నారు. ఇంట్లో ఆదాయం, తల్లిదండ్రుల చదువు లెక్కలోకి తీసుకున్నా అంతే. పజిల్ ఆడటం వల్లే అలా అయ్యిందని ఖాయంగా చెప్పలేం అనుకోండి, కానీ నాకు ఆలోచన పుట్టించింది వేరే సంగతి. అమ్మాయిలు, అబ్బాయిలు పజిల్స్ ముందు కూర్చోవడంలో తేడా లేదు, కానీ అబ్బాయిల చేతికి వచ్చినవి కాస్త కష్టమైన పజిల్స్, వాళ్ల పక్కన కూర్చున్న పెద్దవాళ్లు అంచు, మూల, తిప్పు, ఇటు వైపు లాంటి మాటలు ఎక్కువ వాడారు. అంటే అమ్మాయికి పజిల్ కొనిచ్చినా తేలికది కొనిచ్చి, పక్కన ఊరికే కూర్చుంటున్నాం.

నాలుగేళ్ల పిల్లకి 24 ముక్కలది మొదలుపెట్టొచ్చు, మీరు చెప్పిన పాపైతే 35, 40 ముక్కలకి త్వరగానే వెళ్తుంది. బొమ్మ మొత్తం ఆకాశం, గడ్డి లాగా ఒకే రంగు ఉన్నవి తీసుకోకండి, పిల్లలు విసిగిపోతారు, ప్రతి ముక్కలో ఏదో ఒక గుర్తు కనపడాలి. పక్కన కూర్చుని "ఈ ముక్కకి ఒకవైపు తిన్నగా ఉంది చూడు, ఇది ఎక్కడ పెట్టాలంటావ్" అని అడగండి, అంతే, మీరు పెట్టేయకండి. అట్టతో చేసినవి తమ్ముడు నమిలేస్తాడు, చెక్కవి మందంగా ఉండేవి వెతకండి.

గుడ్డబొమ్మలకే_ఓటు:

అందరూ బ్లాక్స్, పజిల్స్ అంటున్నారు, కాదనను, కానీ నాకు కొంచెం బాధగా ఉంది. పింక్ మీద కోపంతో మొత్తం బొమ్మలాటనే తక్కువ చేసేస్తున్నాం. ఆడపిల్ల అబ్బాయిల బొమ్మలతో ఆడితే తెలివైనది, గుడ్డబొమ్మతో ఆడితే మామూలు పిల్ల అన్నట్టు మాట్లాడటం కూడా తప్పే కదా. ఆ పాప బొమ్మకి రోజూ జ్వరం వస్తుందన్నారు చూడండి, అక్కడ ఎంత జరుగుతోందో. ఎదుటివాళ్లకి నొప్పి ఎలా ఉంటుంది, భయపడితే ఏం చెప్పాలి, మందు వద్దంటే ఎలా బుజ్జగించాలి, ఇవన్నీ పాప ఒక్కతే రెండు గొంతులతో మాట్లాడుతూ నేర్చుకుంటోంది.

కార్డిఫ్ యూనివర్సిటీ వాళ్లు 2020లో 4 నుంచి 8 ఏళ్ల పిల్లలు 33 మంది మీద చూశారు, బొమ్మలతో ఒంటరిగా ఆడుతున్నప్పుడు కూడా, ఎదుటి మనుషుల్ని అర్థం చేసుకోడానికి పనిచేసే మెదడు భాగం చురుగ్గా ఉంది, అమ్మాయిల్లోనూ అబ్బాయిల్లోనూ ఒకేలా. ఆ పరిశోధనకి డబ్బు పెట్టింది బార్బీ తయారుచేసే మాటెల్ కంపెనీయే, అది కూడా తెలుసుకునే నమ్మాలి. కానీ అమ్మాయి అబ్బాయి తేడా లేదన్న ముక్క నాకు చాలా నచ్చింది, ఆ తమ్ముడికి కూడా పెద్దయ్యాక ఒక గుడ్డబొమ్మ కొనండి.

కాబట్టి నా ఓటు డాక్టర్ సెట్టుకి. ప్లాస్టిక్ స్టెతస్కోపు వినపడనిది కాకుండా నిజంగా గుండె చప్పుడు వినిపించేది దొరుకుతుంది, పైన మీరు చెప్పినదాన్ని బట్టి ఈ పాప ఆ గొట్టంలోంచి చప్పుడు ఎలా వస్తోందని కచ్చితంగా అడుగుతుంది. కట్టు కట్టడానికి గుడ్డ పట్టీలు ఇవ్వండి, ముడి వేయడం నేర్చుకుంటుంది. నొక్కితే మాట్లాడే, పాటలు పాడే బొమ్మ మాత్రం వద్దు, బొమ్మ మాట్లాడితే పిల్ల మాట్లాడదు. పది నుంచి పదహారు నెలల పసిపిల్లలతో చేసిన ఒక స్టడీ 2016లో వచ్చింది, లైట్లు, సౌండ్లు ఉన్న బొమ్మలతో ఆడేటప్పుడు పిల్లలే కాదు, పక్కనున్న అమ్మానాన్నలు కూడా తక్కువ మాట్లాడారు, బొమ్మల పుస్తకం ముందుంటే బాగా ఎక్కువ మాట్లాడారు.

పిల్లలవార్డు_నర్సు:

ఏది కొన్నా కొనండి కానీ ఆ ఇంట్లో ఏడాదిన్నర బాబు ఉన్నాడు, పాపకేమో సెల్లులు తీయడం వచ్చు. ఈ రెండూ కలిపి చదవగానే నాకు గుండె ఝల్లుమంది, అందుకే ఇది రాస్తున్నా.

నాణెంలా ఉండే బటన్ సెల్లు ఉన్న బొమ్మ ఏదీ ఆ ఇంటికి తేకండి. 2032 అని రాసి ఉంటుంది చూడండి, మొదటి 20 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, చిన్నపిల్లల అన్నవాహికలో సరిగ్గా ఇరుక్కునే సైజు. అక్కడ తడి తగలగానే కరెంటు ప్రవహించి చుట్టూ క్షారం తయారై కండ కాలిపోతుంది, రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం అవ్వొచ్చు. అయిపోయిన సెల్లు కదా అనుకోకండి, బొమ్మని ఆడించలేని సెల్లులో కూడా కాల్చేంత కరెంటు మిగిలే ఉంటుంది. మింగాడని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా, బయటికి వస్తుందేమో చూద్దాం అనుకోకుండా వెంటనే హాస్పిటల్‌కి పరిగెత్తాలి. మామూలు సెల్లులు వేసే బొమ్మైనా సెల్లుల మూతకి స్క్రూ ఉండాలి, ఉత్త క్లిప్పు మూత అయితే వద్దు.

చిన్న అయస్కాంతం గుండ్లు కూడా అంతే. ఒకటికి రెండు మింగితే పేగులో వేర్వేరు చోట్ల ఉండి ఒకదాన్నొకటి లాక్కుంటాయి, మధ్యలో పేగు గోడ నలిగి చిల్లు పడుతుంది. నీళ్లలో వేస్తే ఉబ్బే రంగు గోళీలు కూడా వద్దు, కడుపులోకి వెళ్లినా ఉబ్బుతాయి.

పెట్టె మీద 0-3 అని రాసి పిల్లాడి మొహం మీద గీత కొట్టిన గుర్తు ఉంటే, మా వాడు తెలివైనవాడు ఆడుకోగలడు అనుకోకండి, అది తెలివికి సంబంధించింది కాదు, గొంతుకి అడ్డం పడే ముక్కలున్నాయని. మూడేళ్లలోపు బొమ్మల్ని పరీక్షించడానికి వాడే గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, అందులో పూర్తిగా పట్టే ముక్క ఏదైనా ప్రమాదమే. ఇంట్లో టాయిలెట్ పేపర్ అట్టగొట్టంతో చూసుకోండి, అది కాస్త పెద్దది కాబట్టి ఇంకా మంచిది.

చిన్నబాబాయ్:

అమ్మో, ఇన్ని విషయాలు నాకు తెలీదు, అందరికీ చాలా థ్యాంక్స్. నర్సు గారూ మీది చదివి వెంటనే వదినకి ఫోన్ చేసి ఇంట్లో రిమోట్లలో బటన్ సెల్లులున్నాయేమో అన్నీ చూడమన్నా. డూప్లో, డాక్టర్ సెట్టు రెండూ ఫిక్స్ అయినట్టే. ఇంకో రెండు డౌట్లు. మాగ్నెటిక్ టైల్స్, అంటే అయస్కాంతంతో అతుక్కునే పలకలు, కార్టులో పెట్టి ఉంచాను, అవి కూడా తీసేయాలా? ఇంకోటి, మరలు తిప్పే పిచ్చి ఉంది కదా, టూల్ సెట్టు ఏదైనా ఇవ్వొచ్చా, ప్లాస్టిక్‌వి ఇస్తే ఇది నిజంది కాదు అని పక్కన పడేస్తుంది.

పిల్లలవార్డు_నర్సు:

టైల్స్‌లో అయస్కాంతం లోపల మూసేసి ఉంటుంది కాబట్టి గుండ్లంత ప్రమాదం కాదు. కానీ పలకలు అతుకు దగ్గర గట్టిగా ఉండాలి, మూలల్లో రివెట్లు, అంటే అతుకుని పట్టి ఉంచే లోహపు మేకులు, ఉన్నవి మేలు, ఊరూ పేరూ లేనివి వద్దు. చిన్న పగులు కనపడినా ఆ పలక తీసి పారేయాలి. ఎవరో ఒకరు ప్రతిసారీ చూస్తారంటేనే కొనండి, లేదంటే బాబు పెద్దయ్యాక కొనొచ్చు, తొందరేం లేదు.

పాతగడియారం:

టూల్స్ గురించి నేను చెప్తా, మా ఇంట్లో పిల్లలకి ఇదే పిచ్చి. నిజమైన స్క్రూడ్రైవరే ఇవ్వండి, కాకపోతే పొట్టిది, పిడి లావుగా ఉన్నది, పాప పిడికిట్లో సరిపోవాలి. ఒక చెక్కముక్కకి మీరే ముందుగా రంధ్రాలు చేసి పెద్ద మరలు సగం బిగించి ఇవ్వండి, మిగతా సగం పాప బిగిస్తుంది, విప్పుతుంది, మళ్లీ బిగిస్తుంది. తాళంకప్ప, తలుపు గడియ, బోల్టు నట్టు కూడా అదే చెక్కకి బిగిస్తే ఇంకా బాగుంటుంది. మా వాళ్లు నట్టు ఎటు తిప్పితే పైకొస్తుందో చూడటానికి దాని మీద పెన్నుతో చుక్క పెట్టుకున్నారు, చుక్క ఒక చుట్టు తిరిగేసరికి ఎంత కదిలిందో వేలితో కొలిచారు. ఇది మాత్రం పెద్దవాళ్లు పక్కనుండగానే, బాబు నిద్రపోయాకే, ఆట అవగానే మరలు లెక్కపెట్టి లోపల పెట్టేయాలి.

పాడైపోయిన సామాన్లు విప్పుకోమని ఇస్తారు కొంతమంది, కీ ఇచ్చే గడియారం లాంటివైతే మంచిదే. కానీ కరెంటుకి పెట్టేవి, పాత ఫోన్లు, ఫ్లాష్ ఉన్న కెమెరాలు మాత్రం ఇవ్వకండి, ప్లగ్గు పీకేసినా కొన్నిట్లో కెపాసిటర్లు చార్జి పట్టుకుని ఉంటాయి, లిథియం బ్యాటరీకి స్క్రూడ్రైవర్ గుచ్చుకుంటే అంటుకుంటుంది.

నర్సరీటీచర్:

మీ వదిన గారి మాట గురించి కూడా ఒక ముక్క. తీసుకెళ్లినవన్నీ ఒకేసారి బయట పెట్టొద్దని చెప్పండి. టోలెడో యూనివర్సిటీలో ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పిల్లల్ని ఒకసారి 4 బొమ్మలతో, ఒకసారి 16 బొమ్మలతో ఆడుకోనిచ్చి చూశారు, 2018లో వచ్చింది, నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, రకరకాలుగా ఆడారు. మీ పాప వాళ్లకంటే పెద్దదే కానీ మా క్లాసులో నాలుగేళ్లవాళ్లలో కూడా నేను ఇదే చూస్తాను. కొన్ని బయట, మిగతావి పైన, రెండు వారాలకోసారి మార్చడం, అంతే, సర్దే పని కూడా సగం తగ్గుతుంది.

చిన్నబాబాయ్:

సరే టీచర్ గారూ, అలాగే చెప్తాను. టైల్స్ కార్టులోంచి తీసేశా. పాతగడియారం గారూ, చెక్క పలక ఈ ఆదివారం నేనే చేస్తా, గడియ ఒకటి పాతది ఉంది. డూప్లో పెట్టుకోడానికి మూత ఉన్న చెక్కపెట్టె ఒకటి కూడా చూస్తున్నా, బాగుంటుందా?

ఇద్దరమ్మాయిల_అమ్మ:

బరువు మూత వద్దండి, వేళ్ల మీదో తల మీదో పడుతుంది, బాబు వంగి లోపలికి చూసే వయసు. మూత లేని బుట్ట తీసుకోండి, ఎత్తు తక్కువది, అడుగున ఉన్న ముక్క కూడా కనపడేంత వెడల్పుది.