ఈ వారం సమస్య: ‘పిల్లి వ్రాసెను నవలను పల్లెలోన’

నిర్వాహకురాలు, కమలాపురం:

ఈ వారం తేటగీతి పద్యం. కింది పాదం నాలుగోది. వింతగా ఉన్న ఈ మాటకు అర్థం కుదిరేలా ముందరి మూడు పాదాలూ మీరు పూరించాలి.

పిల్లి వ్రాసెను నవలను పల్లెలోన

యతి (పాదం మొదటి అక్షరానికీ, మధ్యలో నియమించిన చోటి అక్షరానికీ కుదరాల్సిన పోలిక) తప్పిందని ఉత్తరాలు రాయకండి. ‘పి’కీ ‘ప’కీ యతి చెల్లదని నాకూ తెలుసు. ఇక్కడ ఉన్నది ప్రాసయతి, అంటే ఆ అక్షరాలకు బదులు వాటి వెనుక అక్షరాలు కలవడం. పిల్లి, పల్లె: రెండుచోట్లా ముందు గురువు (రెండు మాత్రల అక్షరం), వెనుక ల్లకారం.

సమస్య మా ఇంట్లోనే పుట్టింది. కవిత్వం రాయాలంటే ఏమేం కావాలో పెద్దన గారు చెప్పినట్టు ఒక చాటుపద్యం ఉంది కదా: ఏ అలజడీ లేని చోటు, కప్పురవిడెం, మనసుకు నచ్చిన భోజనం, ఉయ్యాలమంచం, తప్పొప్పులు తెలిసిన రసజ్ఞులు. రాయలవారు ఆయనకిచ్చిన కోకటం అగ్రహారం మాకు దగ్గరే. రెండేళ్ల క్రితం ఉద్యోగం మానేసి, నవల రాద్దామని ఈ పల్లెకు వచ్చినప్పుడు అలజడి లేని చోటు దొరికిందనే అనుకున్నాను. తర్వాత రెండు పిల్లులు వచ్చాయి. భోజనమూ ఉయ్యాలా అవి తీసుకున్నాయి. నాకు విడెం మిగిల్చాయి.

నల్లది మిరియం. పసుపూ తెలుపూ కలిసినది చిత్రాన్నం. చిత్రాన్నం మంచిదే, అరుగు మీది ఎర్రగుంట్ల నాపబండ మీద ఎండ ఎటు జరిగితే అటు జరుగుతూ పొద్దు పుచ్చుతుంది. మిరియానికి మాత్రం కంప్యూటర్ మీటలే కావాలి, వెచ్చగా ఉంటాయి కాబట్టి. మొన్న పాలు కాచి వచ్చేలోగా పదకొండో అధ్యాయంలో నా కథానాయిక చేత ‘ళళళళళ’ అని పేజీ నిండా మాట్లాడించింది. ఆమె కోపం నా సంభాషణలో కన్నా అందులోనే బాగా తెలిసింది. ఆ సంగతి ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

‘అని కలగంటిని’ అంటూ జారుకునే దారి మూసేశాను. ఇక మీ ఇష్టం.

అనంతపురం విద్యార్థి:

అమ్మా, చిన్న సందేహం. ‘పిల్లి’ తర్వాత ‘వ్రా’ వచ్చింది. సంయుక్తాక్షరం కాబట్టి ‘ల్లి’ గురువు కాదా?

ప్రొద్దుటూరు మాస్టారు:

కాదు బాబూ. ‘వ్రాసెను’ తెలుగు మాట. ఇటువంటిచోట రేఫను, అంటే ‘ర’ను, తేల్చి పలుకుతాం, ముందరి అక్షరం మీద బరువు పడదు. పైకి చదివి చూడు, నీ నాలుకే చెబుతుంది.

ఆదోని సభ్యురాలు:

మీటలన్నియు దొక్కుచు మెల్లమెల్ల
నడచి పోగానె తెరపైన నాల్గు పుటలు
అర్థమెరుగని యక్షరాలల్లుకొనియె;
పిల్లి వ్రాసెను నవలను పల్లెలోన!

ప్రొద్దుటూరు మాస్టారు:

‘మెల్లమెల్ల నడచి’ అన్నచోట పిల్లి నడక వినిపించింది. కానీ ‘పుటలు’ అని ఆగి, మరుసటి పాదం ‘అర్థ’ అని ఎత్తుకున్నారు. ఉకారసంధి నిత్యం, పాదం మారినా మారకపోయినా. ‘నాల్గు పుటల / నర్థమెరుగని’ అనండి. సంధి కుదురుతుంది, నాలుగు పుటల్లోనూ అక్షరాలు అల్లుకున్నాయన్న అన్వయమూ కుదురుతుంది.

ఆదోని సభ్యురాలు:

సవరించుకుంటాను మాస్టారూ. ఒక్క నకారంతో ఇంత పని జరుగుతుందనుకోలేదు.

నిర్వాహకురాలు:

నేను చెప్పిన కథనే నాకు పద్యంగా తిరిగిచ్చారు. చక్కగా ఉంది, అయితే సమస్య విడిపోయినప్పుడు కలగవలసిన ఆశ్చర్యం లేదు. తప్పు నాదే, దారి నేనే చూపించాను.

కర్నూలు సభ్యులు:

పట్టణమ్మును విడిచిన పంతులతడు
పెన్న యొడ్డున మిద్దెలో పీట వేసి
యింటిపేరును నిలుపగ నెంచి తుదకు
పిల్లి వ్రాసెను నవలను పల్లెలోన.

‘పిల్లి’ ఆయన ఇంటిపేరు. నిజంగానే ఉన్న ఇంటిపేరు, నా కల్పన కాదు.

బద్వేలు అక్కయ్య:

అన్నయ్యా, తెలివంతా మూడో పాదంలో పెట్టారు, బాగుంది. వివరణ తీసేయండి. ‘ఇంటిపేరును నిలుపగ’ అని చదవగానే నాకు అందింది. పద్యం కింద వివరణ రాస్తే ఉట్టి మీది చట్టి దించి పిల్లి ముందు పెట్టినట్టే.

నిర్వాహకురాలు:

నా అభ్యంతరం వేరు. ఇంత చేసి పద్యంలోకి పిల్లిని రానివ్వలేదు. గుమ్మం బయటే నిలబెట్టారు.

అనంతపురం విద్యార్థి:

మొదటి పాదం దగ్గరే ఆగిపోయాను. ఇది చూడండి:

ఎలుక పారిపోయె నెండిన చేలోకి

ప్రొద్దుటూరు మాస్టారు:

గణాలు, అంటే గురులఘువుల గుంపులు, విడగొట్టు. ఎలుక, పారి, పోయె: మూడు సూర్యగణాలు, చిన్నవి. నెండిన, చేలోకి: రెండు ఇంద్రగణాలు, పెద్దవి. యతి కూడా కుదిరింది. తప్పేమీ లేదు, కానీ ఇది ఆటవెలది! వేమన సమాధి ఉన్న కటారుపల్లి వైపు వాళ్లందరికీ ఇదే ఇబ్బంది. చెవిలో వేమన కూర్చుని ఉంటాడు, నోరు తెరిస్తే ఆటవెలదే వస్తుంది. తేటగీతిలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. ‘ఎలుక పారిపోయెను గడ్డి యింటిలోకి’ అంటే సరిపోతుంది. మిగిలిన రెండు పాదాలు నువ్వే పూర్తి చెయ్యి, నేను చెయ్యను.

రాయదుర్గం సభ్యులు:

కరవు సీమల గాథలు కన్న కనుల
నీరు నిండగ వలసల నెమరు వేసి
కమ్ము మబ్బుల వలె మది కరుణతో చి-
ప్పిల్లి వ్రాసెను నవలను పల్లెలోన.

ఆదోని సభ్యురాలు:

అబ్బ! పిల్లిలోంచి ‘చిప్పిల్లి’ (ఉబికి, పొంగి) తీశారు. పిల్లి మాయమైపోయింది, నవలాకారుడు మిగిలాడు. మూడుసార్లు చదివాను.

కర్నూలు సభ్యులు:

నా ఇంటిపేరు వెనక్కి తీసుకుంటున్నాను.

నిర్వాహకురాలు:

మబ్బు కమ్మడం, మది చిప్పిల్లడం. వాన కోసం చూసే ఊళ్లో పుట్టిన పోలిక. ఇక్కడ వేరుసెనగ వేసినవాళ్లు ఆకాశాన్ని ఎలా చూస్తారో నేను ఈ రెండేళ్లలో చూశాను. నాకు మాట రావడం లేదు. మాస్టారి మాట కోసం ఎదురుచూస్తున్నాను.

ప్రొద్దుటూరు మాస్టారు:

రాత్రి చదివాను. ఈ మాట చెప్పడం ఇష్టం లేక పొద్దుటిదాకా ఆగాను. ‘పి’ని ‘ప్పి’ చేయడం దగ్గర నాకు పట్టింపు లేదు, పాదం ముందు అక్షరం చేర్చి అర్థం మార్చే విద్య పాతదే. కానీ ఆ ద్విత్వం వల్ల వెనక ఉన్న ‘చి’ గురువైంది. మూడో పాదం చివరి గణం ‘తోచి’. మీరు దాన్ని గలంగా, అంటే గురువూ లఘువూ (ఒక మాత్ర అక్షరం)గా లెక్కపెట్టారు. ‘ప్పి’ వచ్చాక అది గగం, రెండూ గురువులే. సూర్యగణాలు రెండే: నగణం (మూడు లఘువులు), గలం. ఏదీ గురువుతో ముగియదు. కాబట్టి పాదం చెడింది.

బద్వేలు అక్కయ్య:

పాదం చివర విరామం ఉంటుంది కదా మాస్టారూ. అక్కడ ఆగి ఊపిరి తీసుకుంటే?

ప్రొద్దుటూరు మాస్టారు:

ఆగితే ‘చి’ అని ఆగాలమ్మా. అప్పుడు ‘ప్పిల్లి’ని ఎలా పలుకుతారు? మాటను కలపాలంటే ఆగకూడదు, గణం నిలవాలంటే ఆగాలి. రెండూ ఒకేసారి కుదరవు.

రాయదుర్గం సభ్యులు:

నిజమే. వేళ్ల మీద లెక్కపెట్టాను కానీ పైకి చదవలేదు. శిష్యుడిని పడగొట్టింది గురువే కాబట్టి బాధ లేదు.

బద్వేలు అక్కయ్య:

ఇంత పద్యం తర్వాత నాది పెట్టాలంటే సిగ్గుగా ఉంది. అయినా పెడుతున్నాను.

చింపి వైచెను చెత్తగా చివరి పుటను;
మరల వ్రాయగ మునుపటి మాట మారె;
నాది పేరు మాత్రమె సుమా, నమ్ముడయ్య!
పిల్లి వ్రాసెను నవలను పల్లెలోన.

ప్రొద్దుటూరు మాస్టారు:

గణయతులు సరి. ‘సుమా’ ఉండగా ‘నమ్ముడయ్య’ కూడా ఎందుకు? రెండూ నొక్కి చెప్పే మాటలే, ఒకటి పాదం నింపడానికి వచ్చింది.

నిర్వాహకురాలు:

మాస్టారూ, నాకు మాత్రం రెండూ కావాలి. అబద్ధంలా వినిపించే నిజం చెప్పేవాళ్లు అలాగే రెండుసార్లు ఒట్టు పెట్టుకుంటారు. అయితే ‘నమ్ముడమ్మ’ అన్నా గణం చెడదు కదా అక్కయ్యా, ఇక్కడ వింటున్నది నేను.

ఈ పద్యం రెండో పాదం దగ్గర ఆగిపోయాను. మిరియం పాడుచేసిన పేజీ తీసేశాక ఆ సంభాషణ మళ్లీ రాశానని మీకెవరికీ చెప్పలేదు. ముందు నా కథానాయిక అన్నకు పన్నెండు వాక్యాల్లో బదులిచ్చేది. అందులో న్యాయమూ ఉంది, ఉపమానాలూ ఉన్నాయి. ఇప్పుడు చేటలోని సెనగకాయలు నేల మీద కుమ్మరించి, ‘ఏరుకో’ అంటుంది. అంతే. పిల్లి ఆ పేజీ తొక్కకపోతే ఆ పన్నెండు వాక్యాలూ అచ్చులోకి వెళ్లేవి. అందుకే ఈ వారం నా ఓటు అక్కయ్యకు.

రాయదుర్గం వారి పద్యం నియమం ప్రకారం పక్కన పెట్టాను. నోటుపుస్తకంలో మాత్రం రాసుకున్నాను, మూడో పాదంతో సహా.

అనంతపురం విద్యార్థి:

అమ్మా, నా రెండు పాదాలు ఇంకా కాలేదు. గడ్డి యింట్లోకి వెళ్లిన ఎలుక బయటికి రావడం లేదు.

నిర్వాహకురాలు:

ఆదివారం దాకా గడువు ఉంది. తలుపు దగ్గర చిత్రాన్నాన్ని కాపలా పెడతాను.

వచ్చే వారం కందం ఇస్తాను. సమస్య నాలుగో పాదంలోనే ఉంటుంది. మూడో పాదాన్ని గగంతోనో సగణంతోనో (రెండు లఘువులు, ఒక గురువు) ముగించవచ్చు కాబట్టి అక్కడ గురువుకు చోటుంటుంది. రాయదుర్గం వారు సిద్ధంగా ఉండండి.