పొడవుల లెక్కతో ‘వేట ఎక్కువైంది’ అని తేల్చేయొచ్చా?

చర్చాంశం: తీరంలో వలకు పడ్డ చేపల పొడవులు నెలనెలా కొలిచి, వాటితోనే ఎదుగుదల, వేట ఒత్తిడి లెక్కగట్టి ఆంక్షలు పెట్టడం సబబేనా?

కెరటం:
సబబే. ఉష్ణ సముద్రాల చేపలకు వయసు కట్టడం కష్టం. చెవిరాళ్లలో (చేప తలలో, లోపలి చెవిలో ఉండే చిన్న సున్నపు రాళ్లు) ఏటేటా పడాల్సిన వలయాలు చాలా జాతుల్లో స్పష్టంగా ఉండవు. రోజువారీ వలయాలు చూడాలంటే ఆ రాయిని పలచగా అరగదీసి మైక్రోస్కోప్ కింద పెట్టాలి. పొడవుకైతే స్కేలు చాలు. ఒకే ఈడు చేపల గుంపు పొడవుల గ్రాఫులో గుట్టలా కనిపిస్తుంది, అది నెలనెలా ఎంత ముందుకు జరిగిందో చూస్తే ఎదుగుదల రేటు తెలుస్తుంది. మొత్తం మరణాల్లో వేట వాటా 0.5 దాటితే అతివేట కిందే లెక్క. 1971లో మత్స్య శాస్త్రవేత్త గలండ్ చెప్పిన కొలబద్ద ఇదే కదా!

లెక్కల మాస్టారు:
నా పేచీ అంతా ఆ 0.5 దగ్గరే. మొత్తం మరణాల రేటు ఏడాదికి 2.0 అనుకుందాం (ఇది శాతం కాదు, ఈ లెక్కల్లో వాడే తక్షణ రేటు). సహజ మరణాలు 0.8 అయితే వేటది 1.2, అంటే వాటా 0.6. అతివేట! సహజ మరణాలు 1.2 అని వేసుకోండి, వాటా 0.4కి దిగుతుంది. చేపలు అవే, కొలతలూ అవే. పోనీ ఆ సహజ మరణాల అంకె ఎవరైనా కొలిచారా అంటే, చాలాసార్లు మత్స్య శాస్త్రవేత్త డేనియల్ పౌలీ 1980 సూత్రంలో ఎదుగుదల రేటు, గరిష్ఠ పొడవు, నీటి ఉష్ణోగ్రత వేసి రాబట్టిందే. పైగా పెద్ద చేపలు లోతుకు వెళ్లిపోతే వలకు పడవు. లోతుకు పోయిన చేప మన లెక్కలో చచ్చిన చేపే.

తెరచాప:
ఆ కొలతలు ఏ వలవో ముందు చెప్పండి సార్. ఒకే కన్ను సైజున్న గిల్‌నెట్ (చేప మొప్పల దగ్గర చిక్కుకునే వల) దానికి సరిపడే సైజునే పడుతుంది. గ్రాఫులో ఆ గుట్ట వలదా, చేపదా?

కెరటం:
సరే, అన్నీ పక్కాగా తేలేదాకా చేతులు ముడుచుకు కూర్చుందామా? ఈలోగా చేపలు ఆగవు కదా.

లెక్కల మాస్టారు:
ఆ మాట నేననలేదు. సహజ మరణాలకు నాలుగైదు విలువలు వేసి, వచ్చిన వాటాలన్నీ బయట పెట్టమంటున్నాను. ఇంకోటి, పొట్ట కోసి చూస్తే ఏ పొడవుకి గుడ్లు కడుతున్నాయో తెలుస్తుంది. పట్టిన వాటిలో అంతకంటే చిన్నవెన్నో లెక్కపెట్టండి. దీనికి సహజ మరణాల గొడవే లేదు. సగానికి పైగా పిల్లలే ఉంటే వల కన్ను పెంచమనండి, ఒప్పుకుంటాను. పడవల సంఖ్య తగ్గించమంటే మాత్రం ఆ లెక్క చాలదు.

తెరచాప:
కన్ను పెంచితే, అదే వలలో పడే చిన్నజాతి చేపలన్నీ జారిపోతాయి. పెద్దయినా అవి జానెడే. వాటిమీద బతికేవాళ్లకి ఏం చెప్తారు?