అప్‌డేట్: టోగాఫ్ రెండు పరీక్షలూ పాసయ్యాను

మూడు నెలల కింద మిమ్మల్ని అడిగాను: టోగాఫ్ (కంపెనీ పనులు, వాటి ఐటీ ఎలా మారాలో ప్లాన్ చేసే పద్ధతి) మొదటి పరీక్ష ఫౌండేషన్‌లో 40కి 22 దగ్గర ఆగిపోయాను, 24 కావాలి, ఏడీఎం (ఆ మార్పును దశలవారీగా నడిపే క్రమం) ఫేజులు ఎంత చదివినా నిలవట్లేదు, ఏం చేయాలని. "నీకు బాగా తెలిసిన పని ఒకటి తీసుకుని మొదటి నుంచి నడిపించు" అని ఒక అక్క చెప్పింది. ఆ మాటే పట్టుకున్నాను.

నల్లగొండ దగ్గర మా నాన్న బత్తాయి తోటనే తీసుకున్నాను. ఎందుకు మార్చాలి, ఎవరు ఒప్పుకోవాలి అన్నది ఫేజ్ ఎ. కోత, తూకం, దళారీ లెక్క బి, అంటే వ్యాపారం. నాన్న జేబులో నలిగిన చిన్న పుస్తకం, అందులోని బాకీలు సి, అంటే సమాచారం. బోరు మోటరు స్టార్టరు, ఫోను డి, అంటే టెక్నాలజీ. మిగతావి వాటంతటవే వరుసలో పడ్డాయి.

గ్యాప్ అనాలిసిస్ (ఇప్పుడున్నదానికీ కావలసినదానికీ తేడా చూసే పట్టిక) మాత్రం క్యాలెండర్ వెనక గీసినంకనే తలకెక్కింది. నిలువుగా ఇప్పుడున్నవి, అడ్డంగా కావలసినవి. అడుగున 'కొత్తవి', కుడి చివర 'తీసేసినవి'. నాన్న చూసి, "తూకం చీటీ తీసేసినవేందిరా? అది లేకుంటే పైసలెట్లడుగుతం?" అన్నాడు. ఆ గడి ఉన్నది అందుకే: కావాలని తీసేశామా, మరిచిపోయామా అని చూసుకోవడానికి.

ఫౌండేషన్ రెండోసారి 33. నిన్న రెండో పరీక్ష ప్రాక్టీషనర్ కూడా అయింది. 90 నిమిషాలు, 8 సినారియోలు. జవాబును బట్టి 5, 3, 1, సున్నా మార్కులు. పుస్తకం చూసుకోవచ్చు కదా అని ధీమాగా ఉండకండి, వెతికే టైమ్ దొరకదు. అడుగుతున్నది ఏ ఫేజులోదో ముందు పట్టుకోండి.

అక్కా, ఈసారి కాయ కోతకొచ్చినప్పుడు నల్లగొండ వస్తే మా తోటకు తప్పకుండా రావాలి. నాన్న కూడా అడుగుతున్నాడు.